తెర కదలని నాలుగు నిమిషాలు

మా మామిడిపల్లి నుంచి ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు కంప్యూటర్ పనులకు పోతున్నారు. వాళ్ళలో కొందరు నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, విమానాల కాడ నువ్వేం పని చేసినవ్?" అని అడుగుతారు. నల్ల తెర మీద కమాండ్లు కొట్టేదాన్ని అంటే నవ్వుతారు. నలభై ఎనిమిదో ఏట సంతకం నేర్చుకున్న మనిషి ఆ పని చేసిందంటే నవ్వు రావడంలో తప్పు లేదు.

ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడెప్పుడు పెరిగింది, అవన్నీ ఇక్కడ రాయడం లేదు. తోటి మనిషిని చూసి కుళ్ళుకున్న సంగతి రాస్తున్నాను. ఆ పని గురించి నాకు తెలిసిన అసలు విషయం అందులోనే ఉంది.

చీపురు, టేపు, కీబోర్డు

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడాది, సరుకుల గోదాము నడిపే ఒక కంపెనీలో ఊడ్చే పనికి చేరాను. అప్పుడు నాకు యాభై రెండేళ్ళు. తెలుగు అక్షరాలు అంతకు నాలుగేళ్ళ ముందు మా ఊరి వయోజన విద్యా కేంద్రంలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అంకెలు మాత్రం అక్షరాల కంటే ముందే వచ్చు. శంషాబాద్ అంగట్లో ఇరవై ఏళ్ళు కూరగాయలు అమ్మిన చెయ్యి.

గోదాము పక్కన చల్లటి గది ఒకటి ఉండేది. ఏ పెట్టె ఏ విమానంలో పోవాలో ఆ జాబితా అంతా ఆ గదిలోని మిషన్లలో ఉండేది. దాన్ని చూసుకునేది ఖాదర్ సాబ్. పాతబస్తీ మనిషి. యవ్వనంలో సర్కారు ఆఫీసులో టెలిగ్రాంలు పంపే తంతి మిషన్ నడిపాడట. జాబితా నకలు దాచే టేపులు రోజుకు రెండుసార్లు మార్చడానికి ఆయనకు ఒక మనిషి కావలసి వచ్చింది.

"నంబర్లు చదువుతవా అమ్మా?" అని అడిగాడు.

"చదువుత సాబ్. తప్పు లెక్క చెప్తే పట్టుకుంట కూడ."

"నాకు గదే కావాలె" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి టేపులతో పాటు మూడు కమాండ్లు నా చేత కొట్టించాడు. తర్వాత పది. ఆ తర్వాత మధ్యాహ్నం షిఫ్టు నాకే అప్పజెప్పాడు. ఎవరో దయ చూపించారని అనుకోకండి. ఉదయం షిఫ్టు రాములు, మధ్యాహ్నం షిఫ్టుకు ఎవరూ నిలవక ఆయన, ఇద్దరే ఆ గదిని మోస్తున్నారు. నేను సెలవు పెట్టని మనిషిని. అంతే.

చేసింది చూపియ్యి

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. షిఫ్టు దిగిపోయేవాళ్ళు పుస్తకంలో రాసి పోవడానికి ఖాదర్ సాబ్ ఒప్పుకునేవాడు కాదు. "పుస్తకంల అందరూ ఓకే అనే రాస్తరు. ఓకే ఎవరైనా రాస్తరు. నువ్వు చేసింది చూపియ్యి" అనేవాడు.

చూపించే తీరు ఇది. పని మొదలుపెట్టే ముందు స్క్రిప్ట్ అనే కమాండ్ కొట్టాలి. అక్కడి నుంచి తెర మీద కనిపించే ప్రతి అక్షరం ఒక ఫైలులోకి పోతుంది. దాని పక్కన ఇంకో ఫైలు తయారవుతుంది. అందులో అన్నీ అంకెలే. ఒక అక్షరానికీ తర్వాతి అక్షరానికీ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో ఆ లెక్క. పని అయ్యాక ఎగ్జిట్ కొడితే రికార్డింగ్ ముగుస్తుంది. షిఫ్టు ఎక్కేవాళ్ళు ఆ రెండు ఫైళ్ళూ కలిపి ఆడిస్తే, ముందటి మనిషి చేసిన పనంతా అదే వేగంతో, అవే తడబాట్లతో తెర మీద మళ్ళీ నడుస్తుంది. తప్పు కొట్టి చెరిపింది కూడా కనిపిస్తుంది. ఒకరు చేసిన పని ఇంకొకరు చెయ్యాలంటే ముందు రికార్డింగ్ చూడాలి, తర్వాత దాని వెంట నడవాలి.

నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఇట్లాగే. బడి పుస్తకంలో అక్షరాలన్నీ ఒకేసారి మీద పడతాయి. రికార్డింగ్‌లో ఒక్కొక్కటే వస్తుంది. తెర మీద అక్షరం రాగానే నా వేలు కీబోర్డు మీద దాన్ని వెతుక్కునేది. ఖాదర్ సాబ్ రికార్డింగులు నేను ఎన్నిసార్లు ఆడించుకున్నానో లెక్క లేదు.

ఒకసారి ఎగ్జిట్ కొట్టడం మరిచిపోయి అన్నానికి పోయాను. తిరిగి వచ్చాక గుర్తొచ్చి కొట్టాను. మర్నాడు రాములు ఆ రికార్డింగ్ ముందు ఇరవై ఐదు నిమిషాలు కూర్చున్నాడు. తెర కదలదు, ఆయన లేవడు. చాయ్ చల్లారిపోయింది.

"అక్కా, గంతసేపు దేనికి ఆగినవ్? లోపల ఏం నడుస్తుండె?" అని అడిగాడు.

"అన్నం తింటున్న రాములూ."

"నేను నీ అన్నం గూడ చూసిన అన్నట్టు" అన్నాడు. నెల రోజులు ఆ మాట అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ గదిలో మనుషులు రికార్డింగ్‌ను ఎంత నమ్ముతారో ఆ రోజే నాకు తెలియాల్సింది. తెలియలేదు.

హైమ

మూడో ఏట హైమ వచ్చింది. భీమవరం వైపు వాళ్ళు. వాళ్ళ నాన్న ఉద్యోగం వల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. ఇరవై నాలుగేళ్ళు. ఆరు నెలలు పని చూసి ఆ తర్వాత ఖాయం చేస్తామని మాట.

ఆమె నన్ను ఏమీ అనలేదు. నిజానికి చాలా మర్యాదగా ఉండేది. "మణెమ్మగారూ, మీరు కూర్చోండి, టేపు నేను మారుస్తాను" అనేది. ఆ గారు నాకు గుచ్చుకునేది. రాములును అన్నా అనేది, నన్ను గారు అనేది.

ఆమె టైపు చేస్తుంటే వేళ్ళు చూసేది కాదు. తెర చూస్తూ, పక్కవాళ్ళతో మాట్లాడుతూ కొట్టేది. నేను పది నిమిషాల్లో చేసే పని రెండు నిమిషాల్లో అయ్యేది. పాత రికార్డింగులన్నీ పక్కన పెట్టి ఒక్కొక్కటే కొత్తగా చేసింది. చిన్నగా, శుభ్రంగా, ఒక్క అక్షరం చెరపకుండా.

"హైమ రికార్డింగ్ సినిమా లెక్క ఉంటది అక్కా. ఇంటర్వెల్ గూడ ఉండదు" అన్నాడు రాములు.

"నాదాంట్ల అన్నం బెల్లు ఉంటది గదా, నాదే చూడు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. లోపల మాత్రం మండింది.

ఖాదర్ సాబ్ ఆమెను బేటీ అని పిలిచేవాడు. నన్ను మణెమ్మా అనే పిలిచేవాడు, మూడేళ్ళుగా. ఆయన నాకంటే ఆరేళ్ళే పెద్ద. నన్ను బేటీ అని ఎట్లా పిలుస్తాడు? అయినా ఆ మాట వినపడినప్పుడల్లా చేతిలో పని ఆగేది. ఆమె డబ్బాలో ఆవకాయ చూసినా, జడలో పూలు చూసినా, ఇంగ్లీషు పేపరు మడిచి చంకలో పెట్టుకున్న తీరు చూసినా నాకు కుళ్ళే. ఆ పేపరు నేనూ కొన్నాను ఒకసారి. పైన ఉన్న పెద్ద అక్షరాలు చదవడానికే పూట పట్టింది. ఇంటికి తెచ్చి అలమారలో పరిచాను.

ఈ పనికి వచ్చే పిల్లలకు ఒక మాట చెబుతాను. నీకంటే బాగా చేసేవాళ్ళు ఆ గదిలో తప్పకుండా ఉంటారు. కుళ్ళు వస్తుంది. రాకుండా చేసుకోవడం నాకు చేతకాలేదు, మీకు చేతనైతే మంచిదే. ఆ కుళ్ళుతో చెయ్యి పని మీద పెట్టకండి. నేను పెట్టాను.

అంకెలు సరిచేసిన రోజు

హైమ మళ్ళీ చెయ్యని రికార్డింగ్ ఒక్కటే మిగిలింది. పెద్ద మిషన్ వేడెక్కి మొరాయించినప్పుడు జాబితాను పక్కనున్న రెండో మిషన్‌కు మార్చే పని. ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చేది. కిందటిసారి ఖాదర్ సాబ్ మిషన్ దగ్గర నిలబడి, ఎప్పుడు కొట్టాలో చెబుతూ నా చేత చేయించాడు. ఆ రికార్డింగ్ నాది. ముప్పై ఒక్క నిమిషాలు.

ఒక సోమవారం ఖాదర్ సాబ్ అన్నాడు: "బేటీ, మిషన్ మార్చే పని మణెమ్మ రికార్డింగ్ చూసి నేర్చుకో. దానికి ఆమె రికార్డింగ్ ఒక్కటే ఉంది."

గర్వం కలిగింది. వెంటనే భయం పుట్టింది. ఆ ముప్పై ఒక్క నిమిషాల్లో నేను ఒక్కో అక్షరానికి ఎంత వెతుక్కున్నానో, ఒక కమాండ్‌ను మూడుసార్లు ఎట్లా చెరిపానో ఆ పిల్ల కూర్చుని చూస్తుంది. చూసి మర్యాదగా ఏమీ అనదు. ఆ మర్యాద తలుచుకుంటేనే ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు ఆ అంకెల ఫైలు తెరిచాను. అక్షరాలంటే నాకు తడబాటు గాని అంకెలంటే లేదు. తొమ్మిది సెకన్లు, పద్నాలుగు సెకన్లు, ఇరవై సెకన్లు. నేను వెతుక్కున్న చోట్లన్నీ అట్లా కనిపించాయి. పెద్ద అంకె కనిపించిన చోటల్లా అరసెకను చేశాను. అక్షరాల ఫైలులో మాత్రం వేలు పెట్టలేదు. ఆ చెరిపివేతలు వేగంగా ఆడితే ఎవరైనా చేసే పొరపాట్లలాగే ఉంటాయి. అన్నీ మార్చి ఆడించుకున్నాను. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. తెర మీద నా చేతులు హైమ చేతుల్లా పరుగెత్తాయి. చాలా బాగుంది. రెండుసార్లు చూసుకున్నాను.

మార్చే ముందు పాతదానికి నకలు తీసి వేరే పేరుతో పెట్టాను. ఏది ముట్టుకున్నా ముందు నకలు తియ్యమని ఖాదర్ సాబ్ నేర్పిన అలవాటు. చెడ్డ పనికి కూడా ఆ అలవాటు పోలేదు.

మర్నాడు హైమ చూసి, "మణెమ్మగారూ, మీకు ఇంత స్పీడుందని నాకు తెలియదండి" అంది. కళ్ళలో నిజమైన మెప్పు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

ఆదివారం

ఆ ఆదివారం నాకు సెలవు. మంఖాల్‌లో మా చెల్లె మనుమరాలికి పేరు పెడుతుంటే పోయాను. సరిగ్గా ఆ రోజే పెద్ద మిషన్ మొరాయించింది. హైమ ఒక్కతే ఉంది. రికార్డింగ్ ఉండగా నాకు ఫోను ఎందుకు చెయ్యాలి? ఆడించుకుంది, దాని వెంట అక్షరం అక్షరం కొట్టింది.

ఆ పనిలో ఒక చోట జాబితాను మూసే కమాండ్ ఉంటుంది. అది కొట్టగానే తెర వెంటనే తర్వాతి కమాండ్‌కు సిద్ధమైనట్టు కనిపిస్తుంది. కాని మిషన్ డబ్బా లోపల ఇంకా రాస్తూనే ఉంటుంది. ముందువైపు పచ్చ లైటు మినుకుమినుకుమంటుంది. అది మినుకుమనడం మాని నిలకడగా వెలిగాకే రెండో మిషన్‌కు నకలు తియ్యాలి. దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. ఇది ఏ కాగితం మీదా లేదు. నా రికార్డింగ్‌లో నాలుగు నిమిషాలు కదలని తెరగా మాత్రమే ఉంది.

నా తడబాట్లూ ఆ నాలుగు నిమిషాలూ ఫైలులో ఒకేలా ఉన్నాయి. అన్నీ అంకెలే. నేను అన్నిటినీ అరసెకను చేశాను.

హైమ ఆగలేదు. సగం జాబితానే రెండో మిషన్‌కు పోయింది. జాబితాలో లేని పెట్టె విమానం ఎక్కదు. ఆ మధ్యాహ్నం గల్ఫ్‌కు పోవలసిన రోజాపూల పెట్టెలు గోదాములోనే ఉండిపోయాయి. సోమవారం నేను వచ్చేసరికి అవి గుమ్మం పక్కన వాడి వాసన వేస్తున్నాయి. వాటిని పంపిన రైతు, చేవెళ్ళ వైపు మనిషి, వాటి పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. 

మేనేజర్ సారు హైమ రికార్డింగ్, నా రికార్డింగ్ రెండూ ఆడించి చూశాడు. కమాండ్లు ఒక్కటే. "అవే కమాండ్లతో ఈవిడకు పని జరిగింది, ఆ అమ్మాయికి జరగలేదు. ఎక్కడో కంగారు పడి ఉంటుంది. ఆరు నెలలు చూడక్కర్లేదు. ఈ వారం చాలు, పంపించెయ్యండి" అన్నాడు ఖాదర్ సాబ్‌తో.

నాకు అప్పుడు ఏమనిపించిందో ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఇదంతా రాయడం దండగ. సంతోషం కలిగింది. నా రికార్డింగ్ సరైనది, హైమది తప్పు అని ఆ ఆఫీసులో మొదటిసారి ఒకరు అన్నారు. ఏం జరిగిందో నాకు అర్థమైన తర్వాత కూడా ఆ సంతోషం కొంతసేపు పోలేదు.

ఖాదర్ సాబ్ ఒక్కడే నా రికార్డింగ్‌ను ఇంకోసారి ఆడించాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు: "మణెమ్మా, ఈ చెయ్యి నీది గాదు."

"నాదే సాబ్."

"తంతి మీద టక్‌టక్ విని అది ఎవరి చెయ్యో గుర్తుపట్టినోన్ని నేను. నీ చెయ్యి నాకు తెల్వదా?" అని లేచి పోయాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. నాకే వదిలేశాడు.

ఒక రోజు ఆలస్యం

మంగళవారం పొద్దున్న వెళ్ళేసరికి హైమ నా రికార్డింగ్ ముందు కూర్చుని ఉంది. ఆపి ఆపి ఆడిస్తోంది. పక్కన నోటుబుక్కు. తెర మీది ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, తాను కొట్టినదానితో సరిచూసుకుంటోంది. నేను అక్షరాలు నేర్చుకున్నప్పుడు అట్లాగే వేలు పెట్టేదాన్ని.

"మణెమ్మగారూ, నేను ఎక్కడ తప్పు కొట్టానో మీరు చెప్పగలరా? నాకు దొరకడం లేదండి" అంది.

ఆమెకు రికార్డింగ్ మీద అనుమానం రాలేదు. తన మీదే వచ్చింది.

నేను సంచి కింద పెట్టి మేనేజర్ గదిలోకి పోయాను. "సార్, అది నా రికార్డింగ్ గాదు. అసలుది నా దగ్గర వేరే ఉంది. అందరూ రాండ్రి, చూపిస్త" అన్నాను.

చల్లటి గదిలో మేనేజర్, ఖాదర్ సాబ్, రాములు, హైమ నా వెనక నిలబడ్డారు. అసలు రికార్డింగ్ పెట్టాను. మొదటి అక్షరం వచ్చింది. పదకొండు సెకన్ల తర్వాత రెండోది. తప్పు. చెరపడం. మళ్ళీ తప్పు. నా బతుకులో అంత పొడుగు పొద్దు లేదు. చీర కొంగు చేతిలో నలిగిపోయింది. ఒకచోట రాములుకు నవ్వు రాబోయి దగ్గుగా మారింది.

జాబితా మూసే కమాండ్ వచ్చింది. ఆ తర్వాత తెర ఆగింది. ఒక నిమిషం గడిచింది.

"ఆగిపోయిందా?" అన్నాడు మేనేజర్.

"ఆగలే సార్. మేము లైటు చూస్తున్నం" అన్నాడు ఖాదర్ సాబ్.

నాలుగు నిమిషాలు అందరమూ కదలని తెరను చూశాం. హైమకు ముందే అర్థమైనట్టుంది. నా వీపు మీద ఆమె చూపు తెలుస్తూనే ఉంది.

"మరి రెండోది ఎందుకు తయారుచేశావు?" అన్నాడు మేనేజర్.

"కుళ్ళు సార్" అన్నాను. 

హైమను ఉంచారు. నన్ను ఆరు నెలలు కమాండ్లకు దూరం పెట్టి టేపులకు పరిమితం చేశారు. పెట్టెల కోసం మళ్ళీ వచ్చిన పూల రైతుకు నేనే పోయి చెప్పాను. ఆయన విని, "నీకు తెలిసి చేసినవా, తెల్వక చేసినవా?" అని అడిగాడు. "తెల్వక" అన్నాను. అది సగమే నిజం, అంకెలు తెలిసే మార్చాను. ఆయన తల ఊపి పెట్టెలు ఆటోలో వేసుకుని పోయాడు.

హైమ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "సోమవారమే చెప్పి ఉండొచ్చు మీరు" అంది.

"చెప్పొచ్చు" అన్నాను.

"ఆ రాత్రి మా నాన్నతో ఏం చెప్పాలో తెలియక అన్నం కూడా తినలేదు నేను."

 

పదకొండు సెకన్లు

ఆ నెలాఖరుకు ఆమే మిషన్ మార్చే రికార్డింగ్ కొత్తగా చేసింది. నన్ను డబ్బా ముందు నిలబెట్టింది. "లైటు మీరు చూడండి, కొట్టేది నేను" అంది. జాబితా మూసే కమాండ్ తర్వాత తెర మీద ఒక వాక్యం కూడా కొట్టింది, ఇక్కడ పచ్చ లైటు నిలకడ అయ్యేదాకా ఆగాలి అని. ఆ వాక్యం నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

"ఇంక గాలే... ఇంక గాలే... ఇగ కొట్టు" అన్నాను.

ఆమె వెంటనే కొట్టలేదు. కుర్చీలోంచి లేచింది. నా పక్కకు వచ్చి, వంగి, లైటును తన కళ్ళతో చూసింది. మళ్ళీ పోయి కూర్చుని అప్పుడు కొట్టింది.

నేను రిటైరయ్యేదాకా ఆ గదికి కొత్తగా వచ్చినవాళ్ళందరూ ఆ రికార్డింగ్ చూసే నేర్చుకున్నారు. నాది ఎవరూ ఆడించలేదు. ఆఖరి వారంలో ఒకరోజు ఊరికే హైమ రికార్డింగ్ తాలూకు అంకెల ఫైలు తెరిచాను. ఈసారి చూడటానికే. లైటు నిలకడ కావడానికి పట్టే నాలుగు నిమిషాలు తీసేసి, నేను ఇగ కొట్టు అన్న చోటు లెక్క చూశాను. నా మాటకూ ఆమె వేలు పడడానికీ మధ్య పదకొండు సెకన్లు, అంచనాగా.

ఆ పదకొండు సెకన్లు ఆమె నన్ను నమ్మలేదు. నమ్మకపోవడం నేను సంపాదించుకున్నదే, దానికి బాధ లేదు. అయితే ఆ లైటు ముందు ఎవరు చెప్పినా లేచి తన కళ్ళతో చూసుకోవడమే ఆ పని. ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఒక్క దెబ్బకే అది నేర్చుకుంది. నేను ఖాదర్ సాబ్ ఇగ కొట్టు అంటే కొట్టేదాన్ని, ఒక్కసారి కూడా లేచి చూడలేదు.

ఆమె వేగం చూసి పడ్డ కుళ్ళు ఎప్పుడో తగ్గిపోయింది. ఆ పదకొండు సెకన్లు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కుళ్ళే.